తీసేసిన సగం

"ఈ కడుపు ఎవరిది, డాక్టర్ గారూ?"

జీవమణి అడిగిన ప్రశ్నకు డాక్టర్ సుష్మిత కుర్చీ ముందుకు జరుపుకుంది. బల్ల మీద ఉన్న రిపోర్టును తన వైపు తిప్పుకుని పైన పేరు చదివింది. వీరవెంకటసత్యనారాయణ, అరవై మూడేళ్లు, పురుషుడు. ఆ కింద నాలుగు రంగు ఫోటోలు. వాటి కింద 'అంతా సవ్యంగా ఉంది' అన్న మాట, దాని పక్కన తన సంతకం.

"పేరు రాసే ఉందిగా. ఆయనదే."

"ఆయనది కాదు," అంది జీవమణి.

పంజగుట్టలో మెయిన్ రోడ్డు మీదే ఉంది ఆ క్లినిక్. బయట కుర్చీల్లో జనం కిక్కిరిసి కూర్చున్నారు. ఈ డిటెక్టివ్‌ని ఎంత తొందరగా పంపిస్తే అంత మంచిదన్నట్టు డాక్టర్ మాటిమాటికీ తలుపు వైపు చూస్తోంది. జీవమణికి ఆ చూపులు కొత్త కాదు. పోలీసు ఉద్యోగంలో ఎస్సైగా ఉన్నప్పుడూ చూసింది, రాజీనామా చేసి అమీర్‌పేటలో సొంత ఆఫీసు తెరిచాకా చూస్తూనే ఉంది. కుర్చీలో ఇంకాస్త వెనక్కి జారి కూర్చుంది.

ఆమెను ఈ పనికి పెట్టింది శ్రీనగర్ కాలనీలో ఉండే కమలకుమారి. ఆవిడ భర్తే ఈ సత్యనారాయణ. అమీర్‌పేటలోనే మైత్రీవనం వెనక సందులో బ్యాంకు పరీక్షలకు లెక్కలు నేర్పే కోచింగ్ సెంటర్ ఆయనది. పోయిన వారం రాత్రి భోజనం దగ్గర కూర్చున్న మనిషి రక్తం కక్కుకుని పడిపోయాడు. సోమాజిగూడలోని ఆసుపత్రిలో గొట్టం వేసి చూసిన డాక్టర్లకు ఆహారనాళం చివర పెద్ద కంతి కనిపించింది. క్యాన్సర్. ఇది నిన్న మొన్నటిది కాదన్నారు. అయితే ఎండాకాలంలోనే ఎండోస్కోపీ చేయించాంగా, అంతా బాగుందని రాసిచ్చారుగా అని కమలకుమారి బీరువాలోంచి రిపోర్టు తెచ్చి చూపించింది. అక్కడి సర్జన్ ఆ ఫోటోలు చూసి, ఆమె మొహం చూసి, ఈ కాగితం జాగ్రత్తగా దాచుకోండమ్మా అని మాత్రం అన్నాడు.

మరునాడే ఆవిడ జీవమణి ఆఫీసు మెట్లెక్కింది. ఎవరు చేశారో తనకు తెలుసునంది. రుజువు కావాలంది.

"ముప్ఫై ఏళ్ల కిందట కాకినాడలో ఆయనకు పెద్ద ఆపరేషన్ జరిగింది," జీవమణి నెమ్మదిగా చెప్పింది. "పుండు ముదిరి కడుపు సగం కోసి తీసేశారు. మిగిలిన సగాన్ని పేగుకు కలిపి కుట్టారు. పొట్ట మీద మచ్చ ఇప్పటికీ ఉంది. మరి తీసేసిన సగం మీ ఫోటోలోకి ఎలా వచ్చింది?"

డాక్టర్ సుష్మిత కళ్లజోడు పెట్టుకుంది. మూడో ఫోటో చూసింది, నాలుగోది చూసింది. కడుపు కింది భాగం గులాబీ రంగులో నున్నగా ఉంది. దాని చివర పేగులోకి తెరుచుకునే గుండ్రటి ద్వారం. కత్తి గాటు గాని కుట్టు గాని ఎక్కడా లేదు. తలుపు వైపు చూడటం మానేసింది. ఫోను ఎత్తి, తను చెప్పేవరకు ఎవరినీ లోపలికి పంపొద్దని బయటికి చెప్పింది.

"ఇది ఆపరేషన్ అయిన కడుపు కాదు," అంది చివరికి.

జీవమణి తన ఫోన్లో ఒక ఫోటో తీసి ముందుకు జరిపింది. ఐసీయూలో మంచం మీద సత్యనారాయణ. ముక్కుకీ నోటికీ గొట్టాలు, లోపలికి పోయిన బుగ్గలు. ఈ మనిషి మీ బల్ల మీద పడుకున్నాడా అని అడిగింది. డాక్టర్ తల అడ్డంగా ఊపింది. కాదని కాదు, చెప్పలేనని.

"నేను రోజంతా కడుపులు చూస్తానండీ. మొహాలు చూసే తీరిక ఉండదు."

ఆ మాట తన నోట వచ్చాక ఆమెకే నచ్చలేదు. అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు వచ్చిన మనిషి చెన్నై కంపెనీ ఒకటి పంపిన హెల్త్ చెకప్ మీద వచ్చాడు. రక్తం దగ్గర్నుంచి ఎండోస్కోపీ దాకా అన్నీ కలిపిన ప్యాకేజీ. బాధలేమిటని అడిగితే ఏమీ లేవన్నాడు. అన్నం బాగా దిగుతోంది, బరువు తగ్గలేదు, మంట లేదు. ఆపరేషన్లేమైనా అయ్యాయా అంటే లేదన్నాడు.

"అలాంటి మనిషికి గొట్టం వెయ్యాల్సిన పనే లేదు," అంది. "తిన్నది గొంతులోనో గుండెల దగ్గరో అడ్డుకుంటుంటే, కారణం లేకుండా మనిషి చిక్కిపోతుంటే, విరేచనం నల్లగా పోతుంటే, రక్తం తగ్గిపోతుంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు. అరవై ఏళ్ల వయసులో కొత్తగా అజీర్తి మొదలైనా చూడాల్సిందే. అదే పాతికేళ్ల కుర్రాడు పరీక్షల టెన్షన్లో ఛాతీ మండుతోందని వస్తే ముందు మాత్రలిచ్చి చూడాలి. కడుపు చిల్లు పడిందని అనుమానం ఉంటే అసలు వెయ్యకూడదు, గాలి ఊదితే ప్రాణం మీదికొస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ, కంపెనీ ప్యాకేజీలో ఉంది కదా అని చేశాను."

"ఫోటోలు తారుమారు అయ్యుండొచ్చా?"

"రండి. మీరే చూడండి."

ఎండోస్కోపీ గది చిన్నదే. మధ్యలో సన్నటి మంచం, దాని తలవైపు స్టాండు మీద తెర. గోడ పక్కన అద్దాల బీరువాలో నల్లటి గొట్టాలు నిలువునా వేలాడుతున్నాయి. మందు వాసన ముక్కుకి గట్టిగా తగిలింది. జీవమణి మంచం దగ్గర నిలబడి, పేషెంటు ఎటు తిరిగి పడుకుంటాడని అడిగింది. ఎడమ పక్కకి, డాక్టర్ వైపు మొహం పెట్టి. నోట్లో గొట్టం కొరక్కుండా ప్లాస్టిక్ కట్టు పెడతారు. అందులో మొహం సగం పోతుంది. మిగతా సగం చూడాలన్న ఆసక్తి ఎవరికీ ఉండదు.

డాక్టర్ మిషన్ ఆన్ చేసింది. పేరు, వయసు టైపు చేస్తే తప్ప కెమెరా పని మొదలుపెట్టదు. ప్రతి ఫోటో మీద పేరుతో పాటు గడియారం కూడా పడుతుంది. పాత రికార్డు తీసి చూపించింది. ఆ రోజు సత్యనారాయణ పేరుకి ముందు ఒక ముసలావిడ. ఆవిడ కడుపంతా ఎర్రటి మచ్చలు. ఆయన తర్వాత ఆ పూట ఇంకెవరూ లేరు. తారుమారు కావడానికి ఇంకో కడుపే లేదు. ఈ మంచం మీద నిజంగానే ఒక మనిషి పడుకున్నాడు, వీరవెంకటసత్యనారాయణ అని పిలిస్తే పలికాడు, గొట్టం మింగాడు.

"మత్తు ఇచ్చారా?"

"వద్దన్నారు. గొంతులో స్ప్రే మాత్రమే కొట్టాను. ఆ వయసు వాళ్లు మత్తు లేకుండా మింగడం తక్కువ."

జీవమణి ఆ మాట పట్టుకుంది. మత్తులో మనిషి తన పేరు తనే మర్చిపోతాడు, అరువు పేరు సంగతి చెప్పాలా. పిలిస్తే పలకడు, లేదా అసలు పేరు చెప్పేస్తాడు. అందుకే ఇక్కడికి వచ్చినవాడు మత్తు వద్దనుకున్నాడు. ఎంత కక్కొచ్చినా కళ్లు తెరుచుకునే ఉన్నాడు. డబ్బుకు ఆశపడి వచ్చిన కూలివాడైతే అంత బాధ ఓర్చుకోడు. సత్యనారాయణ వయసుకి దగ్గరగా ఉండి, ఈ అబద్ధం నిలబడాలని గట్టిగా కోరుకున్నవాడే అయ్యుండాలి.

కమలకుమారి చెప్పిన పేరు అలాగే సరిపోతోంది. హనుమత్ప్రసాద్. సెంటర్లో సగం వాటాదారు, కాలేజీ రోజుల నుంచి సత్యనారాయణకు ప్రాణస్నేహితుడు. చెన్నై కంపెనీ సెంటర్ని కొనడానికి ముందుకొచ్చింది. సత్యనారాయణ మూడేళ్లు అక్కడే పాఠం చెప్పాలన్నది షరతు. అందుకే ఆయనకు హెల్త్ చెకప్ పెట్టింది. పేరు ఆయనది, పిల్లలు వచ్చేది ఆయన కోసం. ఆయనకు జబ్బుందని తెలిస్తే బేరం ఆ పూటే పోయేది. రిపోర్టు శుభ్రంగా రావాల్సిన అవసరం హనుమత్ప్రసాద్‌కి ఉంది.

రిపోర్టు సంచిలో పెట్టుకుని ఆమె బయటికి వచ్చేసరికి మెట్ల దగ్గర ఒకడు గోడకానుకుని నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో కంపెనీ కార్డు. ప్రమోద్.

"ఏం మణీ, గిట్ల కలుస్తమనుకోలే."

"నేను అనుకున్న," అంది జీవమణి. "లేటుగా వచ్చినవ్."

ఒకప్పుడు అమీర్‌పేట ఆఫీసు బోర్డు మీద ఇద్దరి పేర్లూ ఉండేవి. ఒక సోమవారం ఉదయం ఆమె వచ్చేసరికి అతని బల్ల సొరుగులు ఖాళీ. పెద్ద క్లయింట్లందరికీ అతను ఆదివారమే ఫోన్లు చేసుకున్నాడు. చెన్నై కంపెనీకి ఇప్పుడు హైదరాబాదులో విచారణలన్నీ అతనే చూస్తాడు. ఆ పాత సంగతి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఎదురుపడ్డప్పుడల్లా అది మాత్రం వచ్చి ఇద్దరి మధ్యా నిలబడేది.

తనకు తెలిసినంత వరకు ప్రమోద్ దాపరికం లేకుండానే చెప్పాడు. మనిషి ఆసుపత్రిలో పడ్డాడన్న వార్త కంపెనీకి చేరింది. ఎండాకాలంలో శుభ్రంగా ఉన్న కడుపులో ఇప్పుడింత కంతి ఎలా వచ్చిందని వాళ్లు అడుగుతున్నారు. సాయంత్రం లోపు అతను రిపోర్టు పంపాలి. ఆ తర్వాత పోలీసు కేసు. అందులో మొదటి పేరు ఎవరిది రాయాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు.

"నీ క్లయింటుదే," అన్నాడు. "మొగుడు దినాం తింటుండో లేదో పెండ్లానికి తెల్వదా? ఇంట్ల ఒకరికి తెల్వకుండ గింత పని కాదు మణీ. ఆమెకు అంతా తెలుసు. ఇప్పుడు బయటపడ్తదని ముందుగాల నిన్ను పట్టుకొచ్చింది."

"ఆమె మొహం నువ్వు చూడలే."

"నువ్వు చూసినవ్ కదా, చాలు. మనుషుల మొహాలు చూసి నమ్ముడు నీకు అలవాటే. నన్ను సుత నమ్మినవ్."

జీవమణి చెయ్యి సంచి పట్టీ మీద బిగుసుకుంది.  అతను స్వరం తగ్గించి, ఫోటోల్లో ఏముందో చెబితే కమలకుమారి పేరు రెండో పేజీలోకి మారుస్తానన్నాడు. లోపల డాక్టర్ ఉంది, చదువుకున్న మనిషి, నువ్వే అడిగి తెలుసుకో అని చెప్పి ఆమె రెండు మెట్లు దిగింది. దిగి ఆగిపోయింది.

అతను చెప్పిన ఒక్క ముక్క ముల్లులా గుచ్చుకుంది. ఇంట్లో ఒకరికి తెలియకుండా ఇంత పని కాదు. హనుమత్ప్రసాద్ దొంగ పేరుతో గొట్టం మింగాడే అనుకుందాం. మరి సత్యనారాయణ? తన పేరు మీద ఎండోస్కోపీ రిపోర్టు వస్తే, తనకు ఎవరూ గొట్టం వేయలేదని ఆయనకు తెలియదా?

ఇన్ని రోజులు ఈ ప్రశ్న తనకు ఎందుకు తట్టలేదో అర్థమయ్యేసరికి ఆమెకు సిగ్గేసింది. ఐసీయూలో ఉన్న మనిషి మీద అనుమానం రాదు.

ప్రమోద్ పక్కనుంచే ఆమె వెనక్కి నడిచి డాక్టర్ గదిలోకి వెళ్లి తలుపు మూసింది. సెంటర్ వార్షికోత్సవం నాటి ఫోటో ఒకటి కమలకుమారి మొదటి రోజే పంపింది, హనుమత్ప్రసాద్‌ని చూపించడానికి. అదే తెరిచి డాక్టర్ ముందు పెట్టింది. స్టేజీ మీద శాలువాలతో అయిదారుగురు. ఆ రోజు మంచం మీద పడుకున్న మనిషి ఇందులో ఉన్నాడా అని అడిగింది.

డాక్టర్ ఈసారి తొందరపడలేదు. ఫోటో పెద్దది చేసి ఒక్కొక్క మొహం మీద ఆగుతూ వెళ్లింది. ఎడమ చివర బట్టతల, లావుపాటి మీసం ఉన్న మనిషి దగ్గర వేలు ఆపింది.

"ఈయన. మత్తు వద్దన్నది ఈయనే. అయ్యాక కళ్లలో నీళ్లు తుడుచుకుంటూ నవ్వారు."

హనుమత్ప్రసాదే. జీవమణి ఫోను తీసుకోబోయింది. డాక్టర్ ఇవ్వలేదు. వేలు నెమ్మదిగా కుడివైపు జరిగి మధ్యలో ఉన్న మొహం దగ్గర నిలిచింది.

"ఈయన నాకు ఇంకా బాగా గుర్తున్నారు. ఆయనతో పాటు వచ్చి బయట కూర్చున్నారు. పేషెంటు లోపల మొహం కడుక్కుంటున్నప్పుడు, మీ స్నేహితుడి కడుపు బాగుందండీ అని నేనే వెళ్లి చెప్పాను. అప్పుడు ఒక మాట అడిగారు."

"ఏం అడిగారు?"

"తన బంధువు ఒకాయనకు అన్నం దిగడం లేదట. ప్రతి ముద్దకీ నీళ్లు తాగాలట. వయసులో ఉన్నప్పుడెప్పుడో కడుపు ఆపరేషన్ అయిందట. అలాంటి వాళ్లకి ఈ గొట్టం తప్పదా, మూడు నాలుగు నెలలు ఆగొచ్చా అన్నారు." డాక్టర్ ఫోను బల్ల మీద పెట్టింది. "ఒక్క రోజు కూడా ఆగొద్దన్నాను. రేపే తీసుకురమ్మన్నాను. నా నంబరు కూడా ఇచ్చాను. తప్పకుండా తీసుకొస్తానని దణ్ణం పెట్టి వెళ్లారు. మళ్లీ రాలేదు."

ఫోటో మధ్యలో శాలువా కప్పుకుని, బుగ్గలు నిండుగా, నవ్వుతూ ఉన్నది వీరవెంకటసత్యనారాయణ.

అమీర్‌పేటకు ఆటోలో వెళ్తున్నంతసేపూ జీవమణి ఎవరికీ ఫోను చేయలేదు. సెంటర్లో మధ్యాహ్నం బ్యాచ్ అయిపోయింది. ఖాళీ క్లాసులో హనుమత్ప్రసాద్ ఒక్కడే బోర్డు తుడుస్తున్నాడు. తనెవరో ఆమె చెప్పుకుంది. ఉపోద్ఘాతం లేకుండా, మీ కడుపు ఫోటోలు చూశాను సార్, ఏ లోపమూ లేదు అంది.

ఆయన డస్టర్ కింద పెట్టి, పిల్లలు కూర్చునే బెంచీ మీదే కూర్చున్నాడు. దబాయించలేదు. ఈ మాట ఎవరో ఒకరు వచ్చి అంటారని వారం రోజులుగా ఎదురు చూస్తున్నట్టే ఉన్నాడు.

ఆయన చెప్పిన దాని ప్రకారం, అడిగింది సత్యనారాయణే. కాకినాడ ఆపరేషన్ అప్పుడు ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి రోజుల తరబడి ఉంచారట. ఆ భయం మనిషిని వదల్లేదు. చెకప్‌లో గొట్టం ఉందని తెలిసిన రాత్రి ఆయన హనుమత్ప్రసాద్ ఇంటికి వచ్చి, నావల్ల కాదురా, నా బదులు నువ్వు మింగు అన్నాడు. ఉత్త లాంఛనమేగా అన్నాడు. ఆపరేషన్ మాట ఎత్తొద్దు, ఎత్తితే లేనిపోని ప్రశ్నలడుగుతారు అన్నాడు. స్నేహితుడు ఒక్కటే అడిగాడు, ఒంట్లో బాగానే ఉందా, అన్నం దిగుతోందా అని. నాలుగు ముద్దలు ఎక్కువే తింటున్నానని సత్యనారాయణ నవ్వాడట.

"భయమే అనుకున్నానమ్మా. ఆధార్ కార్డు వాడిది, కడుపు నాది. తప్పని తెలుసు. వాడి కోసం అంతమాత్రం చేయలేనా అనుకున్నాను. ఈ వారం రోజులుగా చెల్లెమ్మ, వాడి భార్య, నన్ను ఆసుపత్రి గుమ్మంలోంచే పంపేస్తోంది. ఆవిడ అనుకుంటున్నది అబద్ధమని చెప్పాలంటే వాడి పేరు చెప్పాలి. ఆ స్థితిలో ఉన్నవాడి పేరు ఎలా చెప్పను?"

జీవమణికి ఆయన్ని అక్కడితో వదిలెయ్యాలనిపించింది. కానీ ఆయనకు తెలియని సంగతి తన దగ్గర ఉంది. రేపు ఎలాగూ పోలీసుల నోట వింటాడు. తనే చెప్పింది. బయట కుర్చీలో కూర్చుని సత్యనారాయణ డాక్టర్ని ఏమడిగాడో, ఆమె ఏం చెప్పిందో, ఆయన దణ్ణం పెట్టి ఎలా వెళ్లాడో.

"నేను లోపల ఉన్నప్పుడేనా?" అని అడిగాడు హనుమత్ప్రసాద్.

"మీరు మొహం కడుక్కుంటున్నప్పుడు."

ఆయన చాలాసేపు బోర్డు వైపు చూశాడు. సగం తుడిచిన లెక్క ఒకటి ఉంది దాని మీద.

"ఆ సాయంత్రం నన్ను కౌగిలించుకున్నాడమ్మా. నీ రుణం తీర్చుకోలేనురా అన్నాడు. గొంతు మండిపోతోంది, మాట్లాడలేకపోయాను. వాడికి చావు భయం పట్టుకుందని నాకేం తెలుసు." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "అయితే నా చేత మింగించింది గొట్టం ఒక్కటే కాదన్నమాట."

పోలీసులకు తనే వెళ్లి చెబుతానన్నాడు. కమలకుమారికి మాత్రం ముందు మీరు చెప్పండి, నా నోటితో చెబితే నమ్మదు అన్నాడు.

సోమాజిగూడ ఆసుపత్రిలో ఐసీయూ బయట బెంచీ మీద కమలకుమారి ఒక్కతే ఉంది. జీవమణిని చూడగానే లేచి నిలబడి, వాడేనా అంది. జీవమణి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. కేసుల్లో చెడ్డ మాటలు చాలా మందికి చెప్పింది. ఈసారి మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మంచం మీద పడుకున్నది ఎవరో, బయట కూర్చున్నది ఎవరో, డాక్టర్ని అడిగింది ఏమిటో. కమలకుమారి మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక, చీర కొంగు ఒళ్లో మడతలు పెడుతూ, తనలో తాను అనుకుంటున్నట్టు మాట్లాడింది.

"ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి గొంతు నొప్పి అన్నారండీ. గొట్టం వేశారు కదా అని జావ కాచి ఇచ్చాను. మర్నాటి నుంచి పళ్లు జివ్వుమంటున్నాయి, అన్నం మెత్తగా వండమన్నారు. వండాను. ఇంకా మెత్తగా అన్నారు. మజ్జిగలో గుజ్జులా పిసికి నా చేత్తో కలిపి పెట్టాను. వదులవుతున్నాయని చొక్కాలు కూడా నేనే కుట్టించాను." ఆమె తల ఎత్తింది. "ఏంటండీ ఇది? నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా చేతులతోనే దాచారా?"

ఆయన భయపడ్డారని జీవమణి అంది. ఈ బేరం పూర్తయితే మీకు లోటుండదని అనుకుని ఉంటారని కూడా అంది. రెండూ నిజమే అయినా, తనకే రుచించలేదు.

అప్పుడే లిఫ్టు దిగి భానుశ్రీ వచ్చింది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు, కూకట్‌పల్లిలో ఉంటుంది, వారం రోజులుగా అమ్మతోనే ఆసుపత్రిలో పడుకుంటోంది. చేతిలో టీ ఫ్లాస్కు. తల్లి మొహం చూసి ఆగింది.

"ఎండాకాలంలో ఆ పరీక్ష మీ నాన్న చేయించుకోలేదటే," అంది కమలకుమారి. "హనుమత్ప్రసాద్ గారిని పడుకోబెట్టారట."

భానుశ్రీ ఏమీ అనలేదు. ఏంటమ్మా నువ్వనేది అనలేదు, ఎవరు చెప్పారని అడగలేదు. ఫ్లాస్కు మూత బిగించింది. అది ముందే బిగించి ఉంది. జీవమణి కళ్లు ఆ చేతుల మీదే ఉన్నాయి. మెట్ల దగ్గర ప్రమోద్ అన్నది సగం నిజమేనని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఇంట్లో ఒకరికి తెలుసు. అతను తప్పు మనిషిని అనుకున్నాడు, అంతే.

కమలకుమారి కూడా చూసింది. తల్లి కదా, ముందే చూసింది.

"నీకూ తెలుసా?"

"శ్రావణమాసంలో తెలిసింది," భానుశ్రీ గొంతు వినీ వినపడనట్టు ఉంది. "మా ఇంటికొచ్చినప్పుడు వాష్‌బేసిన్ దగ్గర పట్టుకున్నాను. తిన్నదంతా వస్తోంది. వెంటనే హాస్పిటల్‌కి పోదాం నాన్నా అని ఏడ్చాను. తన తల మీద నా చెయ్యి పెట్టుకుని ఒట్టు వేయించుకున్నారు. దసరా దాకా ఆగితే రిజిస్ట్రేషన్ అయిపోతుంది, ఆ మర్నాడే చూపించుకుంటానన్నారు. అమ్మకు చెబితే ఆపేస్తుంది, చెప్పొద్దన్నారు."

"ఆపేదాన్నే," అంది కమలకుమారి.

 జీవమణి ఫోను మోగింది. ప్రమోద్. తీసి చెవి దగ్గర పెట్టుకుంది. డాక్టర్ నోరు విప్పిందని, హనుమత్ప్రసాద్ దగ్గరికి మనుషులు బయలుదేరారని, కమలకుమారి పేరు మాత్రం మొదటి పేజీలోనే ఉంటుందని చెప్పాడు. జీవమణి క్లయింటు తనకేమీ తెలియదని రాసిస్తే సరిపోదు, తెలిసిన మనిషి ఎవరో చెబితేనే ఆ పేరు తీస్తానన్నాడు. జీవమణి జవాబు చెప్పకుండా ఫోను చేత్తో మూసి, విన్నది కమలకుమారికి చెప్పింది. నిర్ణయం ఆమెదే అంది.

భానుశ్రీ గోడకి చేరగిలబడి కళ్లు మూసుకుంది. కాపాడమని తల్లిని అడగలేదు.

లోపల్నుంచి నర్సు వచ్చింది. రక్తం మళ్లీ మొదలైందని, ఉదయం దాకా ఆగే వీలు లేదని, ఇప్పుడే థియేటర్‌కి తీసుకెళ్లాలని సర్జన్ చెప్పమన్నాడంది. బతుకుతాడన్న హామీ లేదు. పేషెంటు స్పృహలోనే ఉన్నాడు, సైగలతో భార్యని పిలుస్తున్నాడు. సంతకం ఎవరు పెడతారని అడిగింది.

కమలకుమారి లేచింది. కాగితం తీసుకుని, బెంచీ మీద ఆనించి, చివరి దాకా చదివింది. పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది. పెన్ను నర్సుకి ఇచ్చి, జీవమణి వైపు తిరిగింది.

"ఆ ఫోన్లో ఉన్నాయనతో చెప్పండి. నాకు తెలియదు, నా కూతురికి తెలుసు. ఉన్నది ఉన్నట్టే రాసుకోమనండి."

"అమ్మా," అంది భానుశ్రీ.

"మీ నాన్న కోసం నువ్వు అబద్ధం ఆడావు. ఆయన స్నేహితుడు అబద్ధం ఆడాడు. నేనూ ఆడితే ఈ ఇంట్లో నిజం చెప్పే మనిషే మిగలదు." ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. "కేసులో నీ పక్కనే నిలబడతాను. లాయర్ని పెడతాను. అది వేరే సంగతి."

నర్సు తలుపు పట్టుకుని నిలబడింది. మిమ్మల్నే పిలుస్తున్నారమ్మా, రెండు నిమిషాలే టైముంది అంది. తెరిచిన తలుపులోంచి మంచం కనిపిస్తోంది. గొట్టాల మధ్య నుంచి సత్యనారాయణ ఇటే చూస్తున్నాడు. చెయ్యి కొద్దిగా పైకి లేపాడు.

కమలకుమారి గుమ్మం దాకా వెళ్లింది. అక్కడే నిలబడి భర్తని చూసింది. జీవమణికి ఆమె వీపు మాత్రమే కనిపిస్తోంది.

"అంతా తెలిసిందండీ," అంది ఆవిడ గుమ్మంలోంచే. "ముందు బతికి రండి. అప్పుడు మాట్లాడతాను మీతో."

సత్యనారాయణ చెయ్యి మెల్లగా పక్క మీదకి వాలిపోయింది. మొహం తిప్పుకోవడానికి ఆయనకు గొట్టాలు అడ్డమొచ్చాయి. మంచం చక్రాలు కదిలాయి. ఆవిడ పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది, వెంట నడవలేదు.